అక్వేరియంలో పీకిన నాచును సముద్రంలో వదలకండి

సంపాదకులు గారికి,

నమస్కారములు. ఉదయపు నడకలో నాకు తోడుగా వచ్చే మిత్రుడొకరు మొన్న ఒక మాట అన్నారు. తన ఇంట్లోని ఉప్పునీటి అక్వేరియం నిండా నాచు పట్టిందట. ప్రతి ఆదివారం అరబకెట్ నాచు పీకి, బీచ్‌కు తీసుకువెళ్లి అలల్లో వదిలి వస్తున్నారట. "సముద్రంలోంచి వచ్చింది సముద్రానికే పోతోంది కదా మాస్టారూ, ఇందులో తప్పేముంది" అని ఆయన ఎంతో నిశ్చింతగా చెప్పారు. ఆయనను తప్పుపట్టే అర్హత నాకు లేదు, ఎందుకంటే రెండేళ్ల క్రితం నేను చేసినదీ దాదాపు అలాంటిదే. అయితే విశాఖలో ఉప్పునీటి చేపలు పెంచుకునేవారు మా ఇద్దరితో ఆగిపోరు కనుక, వారందరి దృష్టికీ ఈ విషయం తీసుకురావాలని మీ పత్రికకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

రసాయనశాస్త్ర అధ్యాపకుడిగా పదవీ విరమణ చేసిన తరువాత, మనవరాలి ముచ్చట తీర్చడానికి మా హాలులో 200 లీటర్ల ఉప్పునీటి తొట్టి ఒకటి ఏర్పాటు చేశాను. రెండు క్లౌన్ చేపలు, ఒక రొయ్య, పది నత్తలు అందులోని కాపురం. మొదటి రెండు నెలలూ అంతా సవ్యంగానే ఉంది. అద్దాలకు గోధుమరంగు పొర పట్టి, కొన్నాళ్లకు దానంతట అదే పోయింది. కొత్త తొట్టిలో ఇది మామూలే, ఇసుకలోను నీటిలోను ఉండే సిలికా తరిగాక ఆ పొర చాలావరకు తగ్గిపోతుంది. ఆ తరువాత ఒక పరిచయస్తుడు తన తొట్టిలోంచి జానెడు నాచు రెమ్మ తీసి, తడి కాగితంలో చుట్టి, "నీళ్లు శుభ్రంగా ఉంచుతుంది, వేసి చూడండి" అని ఇచ్చారు. అచ్చం లేత చింతరెమ్మలా ఉంది. నడుమ ఈనె, దానికి రెండు వైపులా దువ్వెన పళ్లలా ఆకులు, అడుగున నేలమీద పాకే తీగ. చూడముచ్చటగా ఉందని ఒక రాతి పక్కన నాటాను. దాని పేరు కాలెర్పా అని అప్పటికి నాకు తెలియదు.

నాలుగు నెలలు తిరిగేసరికి రాళ్లు కనిపించలేదు. తీగ ఇసుక మీద పాకి, అద్దం ఎక్కి, ఫిల్టర్ గొట్టం మూతి దాకా చేరింది. చేతికి దొరికినంత పీకాను. పీకిన ప్రతిసారీ అది పుటుక్కున తెగేది. తెగిన ముక్కలు నీటి వాలున కొట్టుకుపోయి మరో రాతి సందులో చిక్కుకునేవి. పది రోజులలో అక్కడొక కొత్త తీగ తలెత్తేది. అంటే నాచును తీసివేస్తున్నానని నేను అనుకుంటున్నాను గాని, నిజానికి దానికి నారు పోస్తున్నాను. తరువాత చదివితే సంగతి అర్థమైంది. కాలెర్పాకు ఆకులు, కాడ, వేళ్లు ఉన్నట్లు పైకి కనిపిస్తాయి గాని, ఆ మొక్క మొత్తం అడ్డుగోడలు లేని ఒకే ఒక కణం. ఆ ఒక్క కణంలోనే లెక్కలేనన్ని కేంద్రకాలు ఉంటాయి. ఎక్కడ తెగినా, తెగినచోట లోపలి ద్రవం జిగురులా గడ్డకట్టి గాయాన్ని మూసేస్తుంది. సెంటీమీటరు ముక్క మిగిలినా అది మళ్లీ పూర్తి మొక్క కాగలదు. ఇటువంటి దానిని గడ్డి పీకినట్లు పీకితే లాభం ఉండదు.

పీకిన నాచును నేను బకెట్ నీళ్లతో సహా వీధి కాలువలో పోసేవాడిని. మా కాలనీ కాలువ గెడ్డలో కలుస్తుంది, గెడ్డ వెళ్లి సముద్రంలో కలుస్తుంది. కాలువలోని మంచినీటికి, మురుగుకు ఆ నాచు చాలావరకు చచ్చే ఉంటుందని రసాయనశాస్త్రం చదివినవాడిగా ఈనాడు నాకు నేను సర్దిచెప్పుకోగలను. ఉప్పునీటి మొక్కను మంచినీటిలో వేస్తే దాని కణం నీరు పీల్చి ఉబ్బి చితికిపోతుంది. కానీ నా మిత్రుడి పద్ధతికి ఆ సర్దుబాటు కూడా వర్తించదు. ఆయన దానిని బతికున్నది బతికున్నట్లే, దానికి సరిపడే ఉప్పునీటిలో, రాళ్లున్నచోట వదిలి వస్తున్నారు.

దీనివల్ల ఏమవుతుందో ఊహించి చెప్పనవసరం లేదు, మరోచోట జరిగి చూపింది. మధ్యధరా సముద్రంలో మోనకో నగరపు సముద్ర విజ్ఞాన ప్రదర్శనశాల దిగువన, 1984లో ఒక చదరపు మీటరు మేర కాలెర్పా టాక్సిఫోలియా అనే రకం కనిపించింది. అది అక్వేరియంలలో పెంచిన రకం. చలిని తట్టుకోగలది. 1989 నాటికి అది ఒక హెక్టారు దాకా పాకింది. ఆ తరువాత ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్, క్రొయేషియా తీరాలకు చేరి, వేల హెక్టార్లలో విస్తరించింది. పడవల లంగర్లకు, చేపల వలలకు చిక్కిన ముక్కలే దానిని ఒక రేవు నుంచి మరో రేవుకు మోశాయి. అందులో ఒక రకమైన విషపదార్థం ఉండడం వల్ల అక్కడి శాకాహార జీవులు చాలావరకు దానిని ముట్టలేదు. ఆ శతాబ్దం గడిచాక అక్కడ చాలాచోట్ల ఆ నాచు దానంతట అదే వెనక్కు తగ్గిందన్నది కూడా నిజం, దానిని దాచవలసిన పని లేదు. కానీ తగ్గేలోపు అది కప్పేసిన సముద్రపు గడ్డి మైదానాల సంగతి వేరు. ఆ గడ్డి ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు మాత్రమే పాకుతుంది.

అమెరికాలోని కాలిఫోర్నియాలో 2000 జూన్‌లో, సాన్ డియేగోకు ఉత్తరాన ఉన్న ఒక ఉప్పు కయ్యలో సముద్రపు గడ్డిని పరిశీలిస్తున్న డైవర్లకు ఇదే నాచు కనిపించింది. ఎవరో తమ అక్వేరియం అక్కడ ఒలకబోసి ఉంటారని భావించారు. అక్కడివారు నెలల తరబడి చర్చలు పెట్టుకోలేదు. మూడు వారాలు తిరగకముందే నాచు ఉన్న ప్రతి గుబురునూ నల్లని ప్లాస్టిక్ పట్టాలతో కప్పి, అంచులకు ఇసుక మూటలు పెట్టి, లోపలికి క్లోరిన్ ఎక్కించారు. ఆ తరువాత ఏళ్ల తరబడి డైవర్లు అడుగడుగూ వెతికారు. 2006లో గాని అది పూర్తిగా పోయిందని ప్రకటించలేకపోయారు. మొత్తం ఖర్చు 70 లక్షల డాలర్లు దాటింది. ఎవరి ఇంటి తొట్టిలోదో కాస్తంత నాచుకు అంత ఖర్చు! ఆ రాష్ట్రం 2001లోనే కాలెర్పాలో కొన్ని రకాలను అమ్మడం, దగ్గర ఉంచుకోవడం నిషేధించింది. అయినా 2021లో అదే రాష్ట్రంలోని న్యూపోర్ట్ రేవులో ఇంకొక కాలెర్పా రకం బయటపడింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు, అది న్యాయమైనదే. కాలెర్పా మన సముద్రాలకు కొత్త కాదు. హిందూ మహాసముద్రం వాటిలో ఎన్నో రకాలకు పుట్టిల్లు. ఆటుపోట్ల మధ్య బయటపడే మన తీరపు రాళ్ల మీద కూడా ఈ జాతి నాచులు పెరుగుతాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రజ్ఞులు విశాఖ తీరపు నాచులను 1960ల నాటికే శ్రద్ధగా పరిశీలించి నమోదు చేశారు. మరి మధ్యధరాలో జరిగినదానికి మనం ఇక్కడ ఎందుకు ఉలిక్కిపడాలి? నా జవాబు ఇది. మన రాళ్ల మీది నాచు మనది కావచ్చు, కానీ నా తొట్టిలోది ఎక్కడిదో నాకు తెలియదు, ఇచ్చినాయనకూ తెలియదు, ఆయనకు అమ్మిన దుకాణదారుకూ తెలియదు. రకం ఒకటే అయినా మోనకోలో పాకినది ఆస్ట్రేలియా తీరపు సంతతి అని, తొట్లలో ఏళ్ల తరబడి పెరిగినదని జన్యు పరీక్షలలో తేలింది. పేరును బట్టి దాని గుణం చెప్పలేమని దాని అర్థం. పైగా నాచు ఒంటరిగా రాదు. దాని వేళ్లలో పురుగులు, నత్తల గుడ్లు, తొట్టి చేపల జబ్బులు కూడా వస్తాయి. మనకు దగ్గరలోనే మరొక ఉదాహరణ ఉంది. తమిళనాడులోని మన్నార్ సింధుశాఖలో సాగు కోసం తెచ్చిన కప్పాఫైకస్ అనే ఎర్ర నాచు, క్రుసడై దీవి దగ్గర పగడపు దిబ్బలను కప్పేస్తున్నదని 2008లో శాస్త్రజ్ఞులు ప్రచురించారు. దానిని తెచ్చినవారికి అది ఏ నాచో తెలుసు. మనకు ఆ మాత్రం కూడా తెలియదు.

మళ్లీ నా తొట్టి దగ్గరకు వస్తాను. ఒకనాటి తెల్లవారుజామున లేచి లైటు వేసేసరికి నీరంతా బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబడి ఉంది. నిన్నటిదాకా పచ్చగా ఉన్న తీగ, గాజు పొరలాగా పాలిపోయి, లోపల ఏమీ లేని తొక్కలా వేలాడుతోంది. చేపలు రెండూ నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. కాలెర్పా సంతానోత్పత్తికి సిద్ధమైనప్పుడు, సూర్యోదయానికి కాస్త ముందు, తన లోపలి పదార్థమంతా బీజకణాలుగా మార్చి ఒక్కసారిగా నీటిలోకి వదిలేసి చనిపోతుంది. అంత పదార్థం 200 లీటర్లలో కుళ్లడం మొదలుపెడితే ప్రాణవాయువు మిగలదు. ఉన్న ఉప్పునీరంతా కలిపి సగం నీరు మార్చాను, రెండు గాలి మోటార్లు పెట్టాను. ఒక చేప దక్కింది. రెండవది మధ్యాహ్నానికి పోయింది. మనవరాలికి నేను ఆ రోజు ఏమి చెప్పానో ఇక్కడ రాయను.

ఆ తరువాత చేయవలసిన పని చేశాను. మొట్టమొదట నీటిని పరీక్షించాను. నాచుకు ఎరువులుగా పనిచేసే నైట్రేట్ లీటరుకు 50 మిల్లీగ్రాములు, ఫాస్ఫేట్ 0.4 మిల్లీగ్రాములు ఉన్నాయి. అవి ఎక్కడివో ఆలోచిస్తే నా నిర్వాకమే కనిపించింది. తొట్టిలోంచి రోజుకు రెండు లీటర్లు ఆవిరయ్యేది, ఆ లోటును నేను కుళాయి నీటితో పూడ్చేవాడిని. ఆవిరయ్యేది నీరు మాత్రమే. కుళాయి నీటితో వచ్చిన లవణాలు ఎక్కడికీ పోవు. రోజుకు రెండు లీటర్ల చొప్పున నూరు రోజులలో ఒక తొట్టెడు కుళాయి నీటిలోని సరుకంతా నా తొట్టిలో పోగుపడింది. విద్యార్థులకు ముప్ఫై ఏళ్లు గాఢత గురించి పాఠం చెప్పినవాడికి ఇది తట్టకపోవడం సిగ్గుచేటు. దీనికి తోడు మేత. చేపలు అడుగుతున్నట్లే ఉంటాయి, మనం వేస్తూనే ఉంటాం. మా ఇంట్లో ముగ్గురు మూడుసార్లు వేసేవారు, ఒకరు వేసింది మరొకరికి తెలిసేది కాదు. లైటు పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదింటి దాకా వెలుగుతూనే ఉండేది.

ఇప్పుడు ఆవిరి లోటుకు ఆర్.ఓ. నీరే పోస్తున్నాను, ఇంట్లో తాగేందుకు ఉన్న యంత్రపు నీటికి చివర మిగిలిన లవణాలను పట్టే అయాన్ రెసిన్ గొట్టం ఒకటి తగిలిస్తే, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టి.డి.ఎస్. మీటరు సున్నా చూపిస్తుంది. మేత రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాలలో తినగలిగినంత. లైటు ఎనిమిది గంటలు. ప్రతి పదిహేను రోజులకు ఇరవై లీటర్ల నీరు మార్పు. ఇంత చేసినా ఫాస్ఫేట్ వెంటనే దిగలేదు. సున్నపు రాళ్లు ఫాస్ఫేట్‌ను తమ ఉపరితలం మీద పట్టి ఉంచుతాయి. నీటిలో తగ్గగానే రాళ్లు దానిని మళ్లీ వదులుతాయి. ఐరన్ ఆక్సైడ్ గుళికలు సంచిలో వేసి, నీరు దాని గుండా పోయేలా పెడితే మూడు నెలలకు 0.05కు వచ్చింది. అక్కడ ఆపేశాను. దానిని పూర్తిగా సున్నా చేయాలని పట్టుదలకు పోయిన తొట్లలో, నాచుల మధ్య పోటీ పోయి, బుడగలు కట్టిన గోధుమరంగు జిగురు ఒకటి పట్టడం నేను చూశాను. అది నత్తలను సైతం చంపుతుంది.

పీకడం కూడా పద్ధతిగా చేయాలి. ముందు మోటార్లన్నీ ఆపాలి, లేకపోతే తెగిన ముక్కలు తొట్టంతా తిరుగుతాయి. వీలైతే రాయినే బయటకు తీసి, ఉప్పునీరు పోసిన బేసినులో పెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఈనె అడుగున పాకే తీగను పట్టకారుతో మొదలంటా లాగాలి. బయటకు తీయలేని రాళ్ల దగ్గర, ఒక చేత్తో పీకుతూ మరో చేత్తో సన్నని గొట్టం పట్టుకుని, ముక్కలను అక్కడికక్కడే నీటితో సహా బకెట్‌లోకి లాగాలి. బకెట్ మీద టీ వడకట్టు పెట్టుకుంటే నాచు అందులో నిలుస్తుంది. ఇది ఒక పూట పని కాదు. నాకు వారం వారం చేస్తూ ఏడు నెలలు పట్టింది.

ఇంత ఓపిక లేనివారు మందుల వైపు చూస్తారు. రాగి కలిసిన నాచు మందులు నాచుతో పాటు రొయ్యలను, నత్తలను, పీతలను కూడా చంపుతాయి. రాగి రాళ్లలోకి ఇంకి తరువాత వేసే జీవులను కూడా బాధిస్తుంది. మరికొందరు మనుషులకు బూజు జబ్బులకు వాడే ఫ్లూకోనజోల్ బిళ్లలు తెచ్చి తొట్టిలో వేస్తున్నారు. బ్రయాప్సిస్ అనే ఈకలాంటి నాచు మీద అది పనిచేస్తుందన్నది అనుభవజ్ఞుల మాట, కాదనను. కానీ నా తొట్టిలాంటిదానికి ఒక గ్రాము పడుతుంది, అంటే 150 మిల్లీగ్రాముల బిళ్లలు ఏడు. ఆ నీరు చివరకు పోయేది కాలువలోకే. మనిషి వాడే మందును అలా కాలువలో కలపడానికి నాకు మనసొప్పలేదు. మీసాల వంటి పచ్చనాచుకు నత్తలు, పచ్చ గాజుపూసల్లాంటి బుడగ నాచుకు కొన్ని రకాల పీతలు పనికివస్తాయి. కాలెర్పా విషయంలో మాత్రం నాకు చేతులే దిక్కయ్యాయి.

  

ఇక పీకిన నాచును ఏమి చేయాలన్నది అసలు ప్రశ్న. నేను ఇప్పుడు చేస్తున్నది చెబుతాను. వడకట్టులోని నాచును ఒక పాత గిన్నెలో వేసి, కుళాయి నీరు పోసి, పది నిమిషాలు మరగనిస్తాను. పచ్చరంగు పోయి పాలకూర ఉడికినట్లు మెత్తబడుతుంది. వంటగదిలో ఈ పని వద్దనేవారు, మా ఇంట్లోనూ మొదట వద్దన్నారు, మేడ మీద ఒక రేకు పరిచి దాని మీద పలుచగా ఆరబెట్టవచ్చు; విశాఖ ఎండకు మూడు రోజులలో వడియంలా పెళపెళలాడుతుంది. వానాకాలంలో అయితే బకెట్‌లో బ్లీచింగ్ పౌడరు కలిపి ఒక రోజు ఉంచడమే మేలు. ఆ తరువాత దానిని కవరులో కట్టి మునిసిపాలిటీ బండిలో వేయవచ్చు. తొట్టి నుంచి తీసిన నీటికి కూడా పిడికెడు బ్లీచింగ్ పౌడరు కలిపి, ఒక రాత్రి ఉంచి, మరుగుదొడ్డిలో పోయాలి. వీధి కాలువలో వద్దు, మొక్కల పాదులో అసలే వద్దు. అక్వేరియం ఇక చాలనుకున్నవారు చేపలను, నత్తలను కూడా సముద్రంలో వదలకుండా మరొక పెంపకందారుకు ఇవ్వాలి.

దుకాణదారులకు నా విన్నపం చిన్నది. నాచు రెమ్మ అమ్మినా, ఊరికే ఇచ్చినా, దాని పేరు ఒక చీటీ మీద రాసి ఇవ్వండి; పేరు తెలియకపోతే అమ్మకండి. మత్స్యశాఖవారు ఉప్పునీటి అక్వేరియం సామగ్రి అమ్మే దుకాణాలలో, పీకిన నాచును సముద్రంలో వేయవద్దని తెలుగులో రాసిన ఒక అట్టముక్క తగిలించేలా చూస్తే అంతకంటె ఖర్చులేని పని ఉండదు. మీ పత్రిక కూడా సముద్ర వృక్షశాస్త్రం తెలిసినవారి చేత ఈ నాచుల బొమ్మలతో ఒక వ్యాసం రాయిస్తే, పేరు తెలియకుండా రెమ్మ నాటుకునే నాలాంటివారికి ఉపకారం జరుగుతుంది.

నా మిత్రుడికి ఈ సంగతులన్నీ చెప్పాను. ఈ ఆదివారం బీచ్‌కు బదులు బకెట్‌తో మా మేడ మీదికి వస్తానన్నారు. నా తొట్టిలో చివరి కాలెర్పా ముక్క కనబడి ఐదు నెలలయింది. అయినా రాత్రి లైటు ఆర్పాక టార్చి వేసి రాతి సందులు చూడడం మానలేదు.

ఇట్లు,
విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
విశాఖపట్నం.